ఆఫ్‌రోడ్ బండికి గాలి: విడి పంపు కొనాలా, బండికే బిగించాలా?

సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డు ఇసుకలోకి గానీ, ఎండాకాలం దుందుభి వాగులోకి గానీ బండి దించేముందు, చక్రాలు కూరుకుపోకుండా టైర్లలో గాలి తగ్గించాలన్నది మహీంద్రా థార్ కొన్న ప్రతి కుర్రాడికీ తెలుసు. తగ్గించడానికి చిన్న పుల్ల చాలు. మళ్లీ ఎక్కించడం దగ్గరే తంటా. 18 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత)తో తారు రోడ్డెక్కి, కొల్లాపూర్‌లో పంక్చర్ దుకాణం ఉంది కదా అని అరవై స్పీడులో పోతే టైరు పక్కగోడ మడత పడుతూ లేస్తూ లోపల వేడెక్కి దారాలు తెగుతాయి. ఆ రోజు బయటికి ఏమీ కనబడదు. ఎప్పుడో జడ్చర్ల దాటాక హైవే మీద పగులుతుంది.

కాబట్టి గాలి తీసిన చోటే గాలి కొట్టుకునే ఏర్పాటు బండిలో ఉండాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు తిరిగే చాలామందికి సరిపోయేది బ్యాటరీకి క్లిప్పులు పెట్టుకుని వాడే జంట సిలిండర్ విడి పంపు. బండికి శాశ్వతంగా బిగించే పంపు కొందరికే అవసరం. ఎవరికి ఏది ఎందుకో తేలాలంటే ముందు లెక్క చూడాలి.

ఎంత గాలి కావాలి

దుకాణంలో అడిగితే "150 పీఎస్‌ఐ కొడుతుంది సార్" అంటారు. మన టైరుకు కావలసింది 30, 35. లారీ టైరుకైతే 110, 120. కాబట్టి 150 అన్న అంకెతో మనకు పెద్దగా పని లేదు. చూడాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి తోస్తుందన్నది, అదీ టైరులో 30 పీఎస్‌ఐ ఎదురు ఉన్నప్పుడు.

లెక్క తేలిక. టైరు లోపలి ఖాళీ ఎన్ని లీటర్లో తీసుకుని, పెంచాల్సిన పీఎస్‌ఐతో గుణించి, 14.5తో (బయటి గాలి ఒత్తిడి ఇంచుమించు అంతే) భాగించండి. వచ్చిందే పంపు బయటి నుంచి పీల్చి లోపలికి తొయ్యాల్సిన గాలి.

థార్ 255/65 ఆర్18 టైరులో సుమారు 65 లీటర్ల ఖాళీ ఉంటుంది. 18 నుంచి 32కి తేవాలంటే 14 పీఎస్‌ఐ పెంచాలి. 65ని 14తో గుణించి 14.5తో భాగిస్తే దాదాపు 63 లీటర్లు. నాలుగు టైర్లకు 250. జిమ్నీ 195/80 ఆర్15 టైరు చిన్నది, సుమారు 40 లీటర్లు. 10 పీఎస్‌ఐ పెంచడానికి టైరుకు 28 లీటర్ల గాలి చాలు. బొలెరో 215/75 ఆర్15 ఈ రెంటికీ మధ్య, 47 లీటర్ల దగ్గర.

ఇక ట్రాక్టరు. మనదగ్గర పొలం, బండి రెండూ ఉన్నవాళ్లు పంపు కొంటే ట్రాక్టరుకూ పనికిరావాలనుకుంటారు. 13.6-28 సైజు వెనక టైరులో రెండువందల లీటర్ల పైచిలుకు ఖాళీ ఉంటుంది. పూర్తిగా దిగిపోయిన టైరును 14 పీఎస్‌ఐకి తేవాలంటే థార్ నాలుగు టైర్లకు పట్టినంత గాలి ఒక్కదానికే పడుతుంది. టైరులో నీళ్లు నింపి ఉంటే అంత పట్టదు. కాకపోతే వాల్వు పైకి వచ్చేటట్టు చక్రం తిప్పుకుని కొట్టాలి, లేకుంటే నీళ్లు వెనక్కి చిమ్మి గేజులోకి, పంపులోకి పోతాయి.

పంపు పెట్టె మీద "నిమిషానికి 35 లీటర్లు" అని ఉంటే అది గొట్టం గాలిలో వదిలేసి కొలిచింది. టైరులో 30 పీఎస్‌ఐ ఎదురు పడేసరికి అందులో మూడో వంతు తగ్గినా ఆశ్చర్యం లేదు. విదేశీ పంపుల మీద సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) అని ఉంటుంది. ఒక సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి 28.3 లీటర్లు.

కొన్న రోజే పరీక్ష పెట్టుకోండి. థార్ టైరును 20కి దించి, ఇంజను నడుస్తుండగా 30కి కొట్టి ఫోన్‌లో సమయం చూడండి. తోసిన గాలి 45 లీటర్లు. నిమిషంన్నర పడితే పంపు అసలు సత్తా 30 లీటర్లు. మూడు నిమిషాలైతే 15. పెట్టె మీద ఏం రాసినా మీ పంపు అంకె ఇదే. తిరిగిచ్చే గడువు దాటకముందే ఇది తేల్చుకోవడం మంచిది.

మన ఎండ, డ్యూటీ సైకిల్

గాలిని నొక్కితే వేడి పుడుతుంది. పంపు ఎంతసేపు నడవొచ్చు, ఎంతసేపు ఆగాలి అన్నదే డ్యూటీ సైకిల్. 33 శాతం అంటే పది నిమిషాలు నడిపితే ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలని. ఈ శాతాన్ని కంపెనీలు సాధారణంగా 22 డిగ్రీల గది వేడిలో, 100 పీఎస్‌ఐ ఎదురు పెట్టి కొలుస్తాయి. మనం వాడేది 30 పీఎస్‌ఐ దగ్గర, కాబట్టి కొంత కలిసొస్తుంది. కానీ వాడేది మే నెల నల్లగొండలో, నీడకే 45 దాటే ఎండలో, బానెట్ పక్కన. కలిసొచ్చింది అక్కడికక్కడే పోతుంది.

థర్మల్ కట్‌ఆఫ్ ఉన్న పంపు వేడెక్కితే తనంతట ఆగి, చల్లారాక మళ్లీ నడుస్తుంది. అది లేని చవక పంపులో ముందు పిస్టన్ రింగు అరిగిపోతుంది, తర్వాత మోటారు వైండింగు కాలి ఘాటు వాసన వస్తుంది. ఈ ఒక్క సదుపాయం లేని పంపు ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

వాడేటప్పుడు పంపును చెలక మట్టి మీద, ఇసుక మీద పెట్టకండి. కాళ్లకింది దుమ్మునే అది పీలుస్తుంది. రబ్బరు మ్యాటు వేసి, బండి నీడ పడే వైపు పెట్టండి. రెండు టైర్లు అయ్యాక అయిదు నిమిషాలు ఆపితే పంపు ఏళ్లు వస్తుంది.

ఏయే రకాలు

ఛార్జింగ్ పంపులు. అరచేతిలో పట్టేవి, రెండు నుంచి నాలుగు వేలలో దొరుకుతాయి. స్కూటరుకు, కారుకు రెండు మూడు పీఎస్‌ఐ సరిచేయడానికి బాగుంటాయి. నిమిషానికి పది లీటర్ల లోపు తోసేది థార్ నాలుగు టైర్లకు అరగంట తీసుకుంటుంది, మధ్యలో వేడెక్కి ఆగుతుంది, ఛార్జింగ్ మూడో టైరుకే అయిపోవచ్చు. పైగా లిథియం బ్యాటరీని ఎండలో మూసిన కారులో వదిలితే, లోపలి వేడి 60 దాటి బ్యాటరీ ఉబ్బుతుంది. దీన్నే నమ్ముకుని వాగులోకి దిగొద్దు.

లైటర్ సాకెట్ పంపులు. ఈ సాకెట్ ఫ్యూజు మామూలుగా 10 లేదా 15 ఆంపియర్లు. అంటే 180 వాట్లకు మించి లాగలేదు. అంతలోపు నడిచే ఒంటి సిలిండర్ పంపు జిమ్నీకి ఫరవాలేదు, థార్‌కు ఓపిక కావాలి. ప్లగ్గు కొన సాకెట్‌లో వదులుగా కూర్చుంటే అక్కడే వేడెక్కి ప్లాస్టిక్కు గోధుమరంగు తిరిగి మెత్తబడుతుంది. ఫ్యూజు పోతోందని పెద్ద ఫ్యూజు వేసేవాళ్లున్నారు. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. పెద్దది వేస్తే డ్యాష్‌బోర్డు వెనక వైరే ఫ్యూజు అవుతుంది.

బ్యాటరీ క్లిప్పుల పంపులు. జంట సిలిండర్, 25 నుంచి 40 ఆంపియర్లు లాగేవి. అసలు సత్తా 35 నుంచి 50 లీటర్లు ఉన్నది దొరికితే థార్ నాలుగు టైర్లు ఆరేడు నిమిషాల్లో అవుతాయి. బరువు నాలుగైదు కిలోలు. ఒక బండి నుంచి ఇంకో బండికి, ట్రాక్టరు దగ్గరికి, పక్కూరి బావమరిది బొలెరోకు తీసుకుపోవచ్చు. చాలామందికి ఇది చాలంటున్నది ఇందుకే.

బండికి బిగించే ఎలక్ట్రిక్ పంపులు. బానెట్ కింద, సీటు కింద లేదా డిక్కీలో శాశ్వతంగా ఉంటాయి. ఏఆర్‌బీ, వయేర్ లాంటి పేర్లు ఇందులో పాతవి. జంట సిలిండర్ రకం అరలక్ష దాటుతుంది, బిగింపు ఖర్చు వేరే. స్విచ్చు నొక్కి గొట్టం తగిలించడమే పని, డిక్కీలో చోటు మిగులుతుంది. పంపు చెడితే మాత్రం విప్పుకుని పోవాలి.

ఇంజను బెల్టుతో నడిచేవి. పాత జీపుల్లో ఏసీ కంప్రెషర్‌ను గాలి పంపుగా మార్చే పద్ధతి ఇది. గాలి ధారాళంగా వస్తుంది, కరెంటుతో పని లేదు. కానీ ఏసీ కంప్రెషర్‌లో నూనె ఉంటుంది. వడపోత సరిగా లేకుంటే ఆ నూనె గాలితో పాటు టైరులోకి పోతుంది. కొత్త బండ్లలో బెల్టు దారి మార్చడానికి చోటూ లేదు, వారంటీ కూడా ఒప్పుకోదు. పాత మహీంద్రా మేజర్ లాంటి బండి, చెయ్యి తిరిగిన మెకానిక్ రెండూ ఉంటేనే ఆలోచించండి.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు. చల్లటి దేశాల ఆఫ్‌రోడ్ వాళ్లకు ఇవి ఇష్టం. కిలో గ్యాసు నుంచి అయిదువందల లీటర్ల పైన వస్తుంది కాబట్టి 4.5 కిలోల సిలిండర్ థార్ నాలుగు టైర్లను తొమ్మిది పదిసార్లు నింపగలదు, టైరుకు అర నిమిషం. మన ఎండకు మాత్రం ఇది పడదు. 21 డిగ్రీల దగ్గర సిలిండర్‌లో పీడనం 850 పీఎస్‌ఐ ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమంటూ మిగలదు, అక్కడినుంచి పీడనం దూసుకుపోతుంది. నిండు సిలిండర్‌ను మే ఎండలో మూసిన కారులో పెడితే రెట్టింపు దాటుతుంది. సేఫ్టీ డిస్కు పగిలితే గ్యాసంతా కారులోకే, మీరు లోపలుంటే ఊపిరాడదు. తీసుకోవాలనే ఉంటే పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం, హైడ్రో పరీక్ష (నీటి ఒత్తిడితో సిలిండర్ గట్టిదనం చూసేది) తేదీ సిలిండర్ మెడ మీద గుద్ది ఉన్నదే తీసుకోండి, కారులో వదలకండి.

వెల్డింగ్ దుకాణం ఆక్సిజన్‌తో టైరు నింపడం ఎప్పుడూ చెయ్యొద్దు. రబ్బరు, నూనె, ఆక్సిజన్ కలిస్తే పేలుడే.

ఇంకొకటి మనదగ్గరే చూసేది: బావుల్లో బండలకు రంధ్రాలు వేసే కంప్రెషర్ ట్రాక్టరు. పక్క చేనులో నడుస్తుంటే "కొంచెం గాలి కొట్టన్నా" అని అడగబుద్ధి అవుతుంది. దాని గాలి వంద పీఎస్‌ఐ దగ్గర, రాయి తొలిచేంత జోరులో వస్తుంది, కొసకు గేజు ఉండదు. కారు టైరు హద్దు దాటడానికి క్షణాలు చాలు. రెగ్యులేటరు, గేజు ఉన్న గొట్టం మధ్యలో లేనిదే దగ్గరికి పోవద్దు. లారీ ట్యాంకు గాలి కూడా ఎనిమిది బార్ల దగ్గరే ఉంటుంది, కానీ లారీ డ్రైవర్ల దగ్గర టైరుకు కొట్టే గొట్టం ఉంటుంది, వాళ్లకు అలవాటు కూడా. ఆపదలో అది నయం.

బండికి బిగించేది ఎవరికి

వారం వారం గాలి తీసి ఎక్కించేవాళ్లు, నాలుగైదు బండ్ల గుంపుకు ముందుండే బండి, తోటల్లో ట్రాక్టర్లు, ట్రాలీలు చాలా ఉన్నవాళ్లు, గాలితో పనిచేసే డిఫరెన్షియల్ లాకర్లు (ఒక చక్రం జారినా రెండూ కలిసి తిరిగేట్టు బిగించేవి) వేయించుకున్నవాళ్లు. ఈ నలుగురికే.

లాకర్ల కోసమే కొనేముందు ఒకటి చూసుకోండి. థార్‌లో వచ్చేది మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్, దానికి గాలితో పని లేదు. ఫోర్స్ గూర్ఖా లాకర్లూ గాలితో నడిచేవి కావు. బయటినుంచి ఎయిర్ లాకరు తెచ్చి వేయిస్తేనే గాలి పంపు తప్పనిసరి అవుతుంది.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా శ్రీశైలం పోయేవాళ్లకు గాలి తీసే పనే ఉండదు, అక్కడ బాట దిగి బండి తోలడం నేరం. మన్ననూరు దాటాక అడవిలో పంక్చర్ అయితే ఆదుకునేవాళ్లు తక్కువ కాబట్టి విడి పంపు, పంక్చర్ కిట్టు చాలు.

కరెంటు: వైరు మందం దగ్గరే మోసపోతాం

క్లిప్పుల పంపుకు వైరింగు అక్కర్లేదు. ఇంజను ఆన్ చేసి, ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కు, నల్ల క్లిప్పు ఇంజను మీదో ఛాసిస్ మీదో రంగు లేని ఇనుము చోట పెట్టండి. కొత్త బండ్లలో బ్యాటరీ మైనస్ మీద చిన్న సెన్సారు డబ్బా ఉంటుంది. నేరుగా ఆ టెర్మినల్‌కు పెడితే వెళ్లిపోతున్న కరెంటు దాని లెక్కలోకి రాదు. ఇంజను ఆపి నడిపితే వోల్టేజి పడి పంపు నీరసిస్తుంది. ఐడిలింగ్ కన్నా కొంచెం ఎక్కువ, 1200 ఆర్‌పీఎం దగ్గర ఉంచితే మేలు. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలి.

శాశ్వతంగా బిగించేటప్పుడు పంపు ఎక్కడ పెడుతున్నారో దాన్నిబట్టే వైరు. 30 ఆంపియర్లు లాగే పంపును డిక్కీలో పెట్టి, బ్యాటరీ నుంచి 5 మీటర్లు పోను, 5 మీటర్లు రాను 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల మందం) రాగి వైరు వేస్తే దారిలోనే 2 వోల్టులు పోతాయి. పంపుకు చేరేది పదకొండున్నర, పన్నెండు. మోటారు నిదానిస్తుంది, గాలి తగ్గుతుంది, ఎక్కువసేపు నడవాలి కాబట్టి ఎక్కువ వేడెక్కుతుంది. అదే 10 స్క్వేర్ వేస్తే పోయేది అర వోల్టు. బానెట్ కింద మీటరున్నర దూరానికి 6 స్క్వేర్ చాలు. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవకగా అమ్ముతారు. కొస గీకి చూస్తే లోపల తెల్లగా కనబడుతుంది. అది వద్దు.

బిగించే వరుస ఇది:

1. చోటు చూడండి. ఎగ్జాస్టు, టర్బో వైపు కాకుండా, బండి నీళ్లలో దిగే హద్దుకు పైన. థార్‌కు కంపెనీ చెప్పే నీటి లోతు 650 మిల్లీమీటర్లు, గూర్ఖాకు 700. అంతకన్నా కింద పంపు గానీ, అది గాలి పీల్చే మూతి గానీ ఉండొద్దు. బానెట్ కింద పెట్టినా గాలి పీల్చే గొట్టాన్ని చల్లని చోటికి, దుమ్ము తక్కువున్న వైపుకు తీసుకుపోండి.

2. 3 మిల్లీమీటర్ల ఇనుప బ్రాకెట్ మీద, రబ్బరు బుష్‌లతో బిగించండి. పలుచటి రేకు మీద పెడితే అదురుకు బోల్టు రంధ్రాల దగ్గర చీలుతుంది. అదురుకు వదులవని నైలాక్ నట్లు వాడండి.

3. బ్యాటరీ మైనస్ విప్పి పక్కన పెట్టండి. ఇది చేసేదాకా పానా ముట్టుకోవద్దు.

4. ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు. 30 ఆంపియర్ల పంపుకు 40 ఫ్యూజు. ఫ్యూజు పంపు దగ్గర పెడితే దారిలో వైరు ఒరుసుకుని ఇనుముకు తగిలినప్పుడు కాపాడేది ఏదీ ఉండదు.

5. ఫ్యూజు నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) 30 పిన్నుకు, 87 నుంచి పంపుకు. రిలే 40 ఆంపియర్లకు తక్కువ వద్దు. పంపు అంతకు దగ్గరగా లాగేదైతే 70ది వేయండి.

6. 85 పిన్ను ఎర్త్‌కు. 86కు కరెంటు ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే వచ్చే ఫ్యూజు నుంచి, డ్యాష్‌బోర్డు స్విచ్చు గుండా, ప్రెషర్ స్విచ్చు (గాలి ఒత్తిడి హద్దు చేరగానే ఆపేది) గుండా రావాలి. ప్రెషర్ స్విచ్చును పంపు మెయిన్ వైరులో పెడితే 30 ఆంపియర్లకు దాని మూతులు అంటుకుపోయి, పంపు ఇక ఆగదు. దాని పని రిలేకు చెప్పడం వరకే.

7. కంపెనీ వైర్లు ఎక్కడా కోయొద్దు, గిచ్చొద్దు. ఫ్యూజు బాక్సులో గుచ్చే ట్యాప్ ముక్కలు దొరుకుతాయి. రేపు సర్వీసులో ఏ లైటు వెలగకపోయినా నెపం మీ పంపు మీదికే వస్తుంది.

8. గోడలు దాటే ప్రతిచోటా రబ్బరు గ్రామెట్, మిగతా దారంతా ముడతల గొట్టం. చివరికి మైనస్ బిగించి, పంపు నడుస్తుండగా పంపు టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరు పెట్టండి. బ్యాటరీ దగ్గరి అంకెకు దీనికి తేడా అర వోల్టు దాటితే ఎక్కడో వదులు ఉంది, చాలాసార్లు ఎర్త్ దగ్గరే.

గొట్టాలు, చుట్లు, ట్యాంకు

పంపు తల నుంచి వచ్చే గాలి చెయ్యి కాలేంత వేడి. అక్కడ నేరుగా నీలం పీయూ ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే మెత్తబడి ఊడిపోతుంది. మొదటి అర మీటరు స్టీలు అల్లిక ఉన్న గొట్టమే ఉండాలి. తర్వాత మామూలు రబ్బరు గొట్టమైనా చాలు.

ఫిట్టింగుల దగ్గర చాలామంది తిప్పలు పడేది మర చుట్ల కొలత కలవక. అమెరికా పంపుల మీద ఎన్‌పీటీ చుట్లు, మన హార్డ్‌వేర్ దుకాణాల్లో బీఎస్‌పీ చుట్లు. పావు అంగుళం ఎన్‌పీటీకి అంగుళానికి 18 చుట్లు, బీఎస్‌పీకి 19. రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతాయి, తర్వాత బిగుసుకుంటుంది, సరిపోయిందనిపిస్తుంది. సబ్బు నీళ్లు పూస్తే తెల్లటి నురగ గుచ్ఛంలా లేస్తుంది. టెఫ్లాన్ టేపు ఎన్ని పొరలు చుట్టినా ఆ లీకు పోదు, పానాతో బలవంతం చేస్తే అల్యూమినియం తల పగులుతుంది. పంపుతో వచ్చిన ఫిట్టింగును దుకాణానికి తీసుకుపోయి, చుట్ల గేజుతో చూపించి అడాప్టరు తెచ్చుకోండి. టేపు చుట్టేటప్పుడు మొదటి చుట్టు వదిలేయండి, లేకుంటే చిన్న పోగు తెగి వాల్వులో ఇరుక్కుంటుంది.

క్విక్ కప్లర్లలోనూ రకాలున్నాయి. మనదగ్గర పంక్చర్ దుకాణాల్లో, వర్క్‌షాపుల్లో ఎక్కువ కనిపించేది నిట్టో రకం. మీదీ అదే పెట్టుకుంటే అవసరానికి వాళ్ల గొట్టం మీకు, మీ గొట్టం వాళ్లకు పనికొస్తుంది. గొట్టం ఏడెనిమిది మీటర్లు ఉంటే బండి ముందునుంచి వెనక టైరుదాకా పంపు జరపకుండా చేరుతుంది.

ట్యాంకు గురించి అపోహ ఒకటుంది. ట్యాంకు పెడితే టైర్లు గబగబా నిండుతాయనుకుంటారు. 5 లీటర్ల ట్యాంకు 145 నుంచి 90 పీఎస్‌ఐకి దిగితే ఇచ్చే గాలి 19 లీటర్లు. థార్ ఒక్క టైరుకు కావలసిన దాంట్లో మూడో వంతు కూడా కాదు. మిగతాదంతా పంపే తొయ్యాలి. ట్యాంకు పనికొచ్చేది ఒక్కసారిగా గాలి కావలసినప్పుడు: రిమ్ము నుంచి ఊడిన టైరు అంచును మళ్లీ కూర్చోబెట్టడానికి, రేడియేటరు జాలీలో ఇరుక్కున్న గడ్డి, దుమ్ము ఊదడానికి, లాకర్లకు. అవేవీ అక్కర్లేకపోతే ఆ డబ్బు మంచి పంపులో పెట్టండి.

పెట్టేటట్టయితే వరుస: పంపు, స్టీలు గొట్టం, వెనక్కి రానివ్వని చెక్ వాల్వు, ట్యాంకు. ట్యాంకు మీద సేఫ్టీ వాల్వు, ప్రెషర్ స్విచ్చు, గేజు, అన్నిటికన్నా కింద నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్. స్విచ్చు 145 దగ్గర ఆపేదైతే సేఫ్టీ వాల్వు 175 లోపు, ట్యాంకు మీద రాసిన హద్దుకు తక్కువగా ఉండాలి. పాత ఫ్రిజ్ గ్యాసు డబ్బాకో, మంటలార్పే సిలిండర్‌కో నట్టు వెల్డింగు చేసి ట్యాంకు చేస్తామంటే ఒప్పుకోకండి. వానాకాలం వారానికోసారి డ్రెయిన్ తిప్పండి, తుప్పురంగు నీళ్లు చెంచాల కొద్దీ వస్తాయి.

ఎంత తీయాలి, ఎట్లా కొట్టాలి

తలుపు స్తంభం మీది స్టిక్కరులో ఉన్నదే రోడ్డు అంకె. అక్కడినుంచి కిందికి: గులకరాళ్ల చెలక బాటలకు 24 నుంచి 26. రాచకొండ వైపు బండరాళ్లకు 20 దగ్గర. వాగు ఇసుకకు 16 నుంచి 18. ఇసుకలో కూరుకుపోతే బయటపడేదాకా మాత్రమే 14. అంతకన్నా కిందికి పోతే పక్కకు తిప్పినప్పుడు టైరు అంచు రిమ్ము వదిలేస్తుంది. 20 లోపు ఉన్నంతసేపు 30 స్పీడు దాటొద్దు. అలంపూర్ వైపు నడిగడ్డ నల్లరేగడి తడిస్తే గాలి తీసినంత మాత్రాన లాభం ఉండదు, మట్టి టైరు గాడుల్లో నిండి నున్నగా అయిపోతుంది. ఆరేదాకా ఆగడమే.

కొట్టేటప్పుడు పంపు మీది గేజును నమ్మొద్దు. నడుస్తున్నప్పుడు అది చూపేది గొట్టంలోని ఒత్తిడి, టైరుది కాదు, రెండు నుంచి అయిదు ఎక్కువ చూపుతుంది. ఆపి చూడండి. 0 నుంచి 60 వరకే అంకెలున్న విడి గేజు ఒకటి కొనుక్కోండి. 200 దాకా ఉన్న గేజులో 28కీ 32కీ తేడా వెంట్రుకంత.

ఎండలో తిరిగిన టైరు వేడిగా ఉంటుంది. 6 డిగ్రీల వేడికి సుమారు 1 పీఎస్‌ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం వేడి టైరుకు సరిగ్గా 32 కొడితే తెల్లారి చల్లగా 28 చూపుతుంది. కాబట్టి 35కి కొట్టి, మరునాడు పొద్దున బండి కదపకముందు సరిచేయండి. హైవే మీద పోతుండగా 37 చూపిందని గాలి తీసేవాళ్లు చేసేది తప్పు.

బిగించే మూతి ఉన్న గొట్టం విప్పేటప్పుడు ఒకటి రెండు పీఎస్‌ఐ పోతుంది. లీవరు క్లిప్పు ఉన్నది మంచిది, కానీ రబ్బరు వాషరు అరిగితే ఎగిరి చేతికి తగులుతుంది.

టైరు అంచు ఊడినప్పుడు: జాకీ ఎత్తి, ఇసుక తుడిచి, రెండు అంచులకూ సబ్బు నీళ్లు పూసి, వాల్వు పిన్ను తీసేసి, టైరు చుట్టూ రాచెట్ బెల్టు బిగించి గాలి వదలండి. పిన్ను లేకపోతే గాలి జోరుగా పోతుంది. రెండుసార్లు టప్పుమని కూర్చున్నాక బెల్టు విప్పి, పిన్ను పెట్టి నింపండి. 40 దాటినా కూర్చోకపోతే ఆపి, మళ్లీ సబ్బు పూయాలి తప్ప ఇంకా కొట్టొద్దు. ముఖం టైరు ఎదురుగా పెట్టొద్దు. స్ప్రే కొట్టి అగ్గిపుల్ల గీసే విద్య వీడియోల్లో వదిలేయండి.

పని చేయకపోతే

పంపు అసలు తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత ఎర్త్, తర్వాత రిలే. రిలే టిక్కుమంటోంది కానీ తిరగడం లేదంటే 87 వైపు చూడండి. కొద్దిగా తిరిగి ఆగిపోతే గొట్టంలో పాత ఒత్తిడి మిగిలి ఉంది, వదిలేసి మళ్లీ పెట్టండి. మోటారు హుషారుగా తిరుగుతున్నా గాలి రాకపోతే పంపు తలలోని పలుచటి రేకు వాల్వు విరిగింది, లేదా రింగు అరిగింది. రింగు కిట్టు దొరికే బ్రాండా కాదా అన్నది కొనేటప్పుడే అడగాల్సిన మాట. గాలి మెల్లగా తగ్గుతూ వస్తే ఫిల్టరు విప్పండి. ఎర్ర దుమ్ముతో అట్టకట్టి ఉంటుంది. స్పాంజి ఫిల్టరైతే సబ్బు నీళ్లలో పిండి, పూర్తిగా ఆరాక పెట్టండి. కాగితం ఫిల్టరును కడగొద్దు, మార్చండి. నూనె అక్కర్లేని పంపులో "స్మూత్‌గా తిరుగుతుంది" అని నూనె చుక్క వేస్తే దుమ్ము దానికి అంటుకుని రింగును గీకేస్తుంది.

పంపు సంచిలో ఉండాల్సినవి: వాల్వు పిన్నులు అయిదారు, పిన్ను తీసే పానా, రెండు స్పేర్ ఫ్యూజులు, ట్యూబ్‌లెస్ పంక్చర్ పుల్లలు, రంధ్రం గీకే ఆకురాయి సూది, కటింగు ప్లేయరు, సబ్బు నీళ్ల చిన్న స్ప్రే సీసా. సర్కారు తుమ్మ ముల్లు దిగితే పైకి కనబడే మొన విరిగి లోపల ముక్క మిగులుతుంది. ప్లేయరుతో నిలువుగా లాగి, మిగిలిన ముక్క పోయేదాకా సూదితో రంధ్రం గీకాకే పుల్ల దించండి. ట్యూబు టైరైతే ట్యూబు అతికించాక టైరు లోపలంతా గుడ్డతో తడమండి, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే ముల్లు అక్కడ ఉంది.